తెలిసే చేసుకున్నాను

నా పరిశోధన స్త్రీల ఆత్మకథల మీద. ఆడవాళ్ళు తమ కష్టాన్ని ఎవరికి చెప్పుకుంటారు, ఎంతవరకు చెప్పి ఆగిపోతారు, ఏది మింగేస్తారు అన్న ప్రశ్నలతో ఆరేళ్ళు గడిపి డాక్టరేట్ తెచ్చుకున్నాను. ఆ చదువు ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్ళే ఉత్తరం దిద్దడానికి పనికొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. 2024 మే నెలలో డాలస్ నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది.

"అక్కా, నా కష్టాలన్నీ ఒక ఉత్తరంలో రాసివ్వాలంట. నేను రాసింది లాయరుకి నచ్చలేదు. నువ్వొకసారి చూస్తావా?"

"ఏమంటాడు?"

"నేను సరిపడా బాధపడట్లేదంట."

ఇద్దరం నవ్వాం. రెండు నెలలపాటు ఆ ఉత్తరంతో కుస్తీ పట్టాక మాత్రం నవ్వు రాలేదు.

విషయం ఇది. మా చెల్లెలు పదకొండేళ్ళ వయసులో అమ్మానాన్నలతో అమెరికా వెళ్ళింది. ఇప్పుడు అక్కడి పౌరురాలు, నర్సు. మా మరిది గుంటూరు నుంచి హెచ్-1బి వీసా మీద వెళ్ళినవాడు. పొడిగింపు కాగితాలు పెట్టామని చెప్పిన కంపెనీ అసలు పెట్టనేలేదు. ఐ-94 మీద ఉన్న గడువు దాటిపోయింది. ఇవాళ ఉద్యోగం దొరుకుతుంది, రేపు దొరుకుతుంది అనుకుంటూ పద్నాలుగు నెలలు ఉండిపోయాడు. అప్పటికే వాళ్ళిద్దరికీ పరిచయం. 2019లో తండ్రి చనిపోతే ఇంటికి వచ్చేశాడు. 2021లో గుంటూరులోనే పెళ్ళయింది. 2022లో డాలస్‌లో బాబు పుట్టాడు. 2024 మార్చిలో ముంబయి కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ అయ్యాక, 2029 దాకా ఆ దేశంలో అడుగుపెట్టే అర్హత లేదని కాగితం చేతిలో పెట్టారు. దాన్ని తప్పించుకోవాలంటే వేవర్ కావాలి. వేవర్ కావాలంటే భార్య ఉత్తరం రాయాలి.

ఈ పదేళ్ళ నిషేధం 1996 వలస చట్టంతో వచ్చింది. ఆ సెప్టెంబరు 30న క్లింటన్ సంతకం చేశాడు. 1997 ఏప్రిల్ 1 నుంచి రోజుల లెక్క మొదలైంది. అనుమతి లేకుండా 180 రోజులు దాటి, ఏడాదిలోపు ఉండి వెళ్ళిపోతే మూడేళ్ళు, ఏడాది నిండితే పదేళ్ళు తిరిగి రాకూడదు. ఉండిపోయినందుకు శిక్ష అనుకుంటాం కానీ అది తగులుకునేది దేశం దాటినప్పుడు. వీసా మీద లోపలికి వచ్చి, గడువు దాటాక కూడా కదలకుండా ఉండి, అక్కడి పౌరురాలిని పెళ్ళిచేసుకున్నవాడు సాధారణంగా అక్కడి నుంచే గ్రీన్ కార్డుకి పెట్టుకోవచ్చు. ఈ నిషేధం అతనికి అడ్డురాదు. తండ్రికి తలకొరివి పెట్టడానికి వచ్చాడు కాబట్టి మా మరిదికి అడ్డొచ్చింది.

వేవర్ దరఖాస్తు పేరు ఐ-601. మేం పెట్టినప్పుడు రుసుము 1,050 డాలర్లు. పౌరులో, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళో అయిన జీవిత భాగస్వామికి, లేదా అతని తల్లికో తండ్రికో 'ఎక్స్‌ట్రీమ్ హార్డ్‌షిప్' కలుగుతుందని రుజువు చెయ్యాలి. తీవ్రమైన కష్టం అన్నమాట. గడువు దాటినవాడి కష్టం లెక్కలోకి రాదు. రెండేళ్ళ బాబు పుట్టుకతోనే అమెరికా పౌరుడు, అయినా వాడి కష్టమూ నేరుగా లెక్కలోకి రాదు. వాడి ఏడుపు తల్లిని ఎంత కుంగదీస్తోందో ఆ మేరకే లెక్క. ఆశ్చర్యమేమిటంటే, అదే చట్టంలో కొన్ని రకాల నేరాలు చేసినవాళ్ళకిచ్చే మినహాయింపులో కొడుకుల, కూతుళ్ళ కష్టాన్ని నేరుగా చూస్తారు. గడువు దాటిన తండ్రి విషయంలో చూడరు. ఇంతా చేసి అధికారి కాదంటే, ఆ నిర్ణయాన్ని కోర్టులో ప్రశ్నించే వీల్లేదని చట్టంలోనే రాసిపెట్టారు.

భర్త దూరంగా ఉన్నాడు, డబ్బుకి ఇబ్బందిగా ఉంది, కొత్త దేశంలో సర్దుకోవడం కష్టం అంటే చాలదు. ఇవన్నీ ఎవరికైనా ఉండే మామూలు కష్టాలని అధికారుల మార్గదర్శకాలు చెబుతాయి. విడివిడిగా చాలనివి కలిపి చూస్తే చాలవచ్చు. మామూలు కష్టం ఎక్కడ ఆగి తీవ్రమైన కష్టం ఎక్కడ మొదలవుతుందో మాత్రం ఎక్కడా గీత గీసి లేదు.

మా చెల్లెలి మొదటి ప్రతి నా దగ్గరుంది. పిన్నికి వారానికి మూడుసార్లు డయాలసిస్. రాత్రి డ్యూటీ దిగి, బాబుని డేకేర్‌లో వదిలి, తల్లిని ఆసుపత్రికి ఎలా తీసుకెళ్తుందో వివరంగా రాసింది. ఒక్కతే డబ్బు కూడబెట్టి ఇల్లు కొనుక్కున్న సంగతి రాసింది. రోజూ సాయంత్రం, అంటే ఇక్కడ తెల్లవారుజామున, మా మరిది ఫోన్లో కనిపించి కొడుకుతో అఆలు పలికించడం రాసింది. చదివితే ఆ మనిషి మీద గౌరవం కలుగుతుంది. లాయరు పక్కన ఎర్రటి అక్షరాలతో గుర్తు పెట్టాడు: ఇది బలం, తీసెయ్యండి. ఇల్లు తీసేశాం. అఆలు తీసేశాం. నిద్రమాత్రలు వచ్చాయి, మానసిక వైద్యుడి నివేదిక వచ్చింది. రెండూ నిజమే. అబద్ధం ఒక్కటీ రాయలేదు. కానీ నిజంలో ఏ సగం పనికొస్తుందో ముందే నిర్ణయమైపోయి ఉంది.

స్త్రీల ఆత్మకథల్ని కన్నీళ్ళ కోసమే చదివే అలవాటుని నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం నిండా విమర్శించాను. ఇప్పుడు అదే చదువుతో, అధికారి కన్నీళ్ళ కోసం వెతుక్కోకుండా మొదటి పేజీలోనే కనపడేలా సర్దుతున్నాను. ఈ ఉక్కిరిబిక్కిరిలోంచే నేను చరిత్ర వైపు వెళ్ళాను. ఒక స్త్రీ చేసుకున్న పెళ్ళి గురించి ఆ రాజ్యం ఇంతకుముందు ఏమడిగిందో తెలుసుకోవాలనిపించింది.

1855 చట్టం ప్రకారం అమెరికన్‌ని పెళ్ళాడిన విదేశీ స్త్రీ దానంతటదే అమెరికా పౌరురాలయ్యేది. 1907 చట్టం దీనికి రెండో వైపు: విదేశీయుణ్ణి పెళ్ళాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వం పోగొట్టుకునేది. అదే పని పురుషుడు చేస్తే అతనికేమీ కాదు. కాలిఫోర్నియాలో పుట్టిన ఎథెల్ మెకెంజీ 1909లో ఒక బ్రిటిష్ గాయకుణ్ణి పెళ్ళిచేసుకుంది. 1911లో అక్కడి స్త్రీలకు ఓటు హక్కు వచ్చింది. దానికోసం పనిచేసినవాళ్ళలో ఆమె కూడా ఉంది. తీరా ఓటరుగా నమోదుకి వెళితే, నువ్వు పౌరురాలివి కావన్నారు. 1915లో సుప్రీంకోర్టు కూడా అదే అంది. ఫలితం తెలిసి, ఇష్టపడి చేసుకున్న పెళ్ళే కదా అన్నది కోర్టు తర్కం.

1922 నాటి కేబుల్ చట్టం ఈ అన్యాయాన్ని సరిదిద్దింది, సగమే. భర్త పౌరసత్వానికి అర్హుడైన జాతివాడైతేనే ఆమె పౌరసత్వం నిలిచేది. ఆసియావాళ్ళు అర్హులు కారు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు ఆ చట్టం చెప్పే 'శ్వేతజాతీయులు' కారని సుప్రీంకోర్టు తేల్చడంతో, భారతీయుల్ని పెళ్ళాడిన అమెరికన్ స్త్రీలు కూడా ఈ వలలో పడ్డారు. స్వాతంత్ర్య సమరయోధుడు తారక్‌నాథ్ దాస్ భార్య మేరీ అలాంటి స్త్రీ. తనకి దేశమే లేకుండా పోయిందని ఆమె 1926లో 'ది నేషన్' పత్రికలో రాసింది. అది కూడా ఒక భార్య రాసిన కష్టాల పత్రమే. కాకపోతే ఆమె రాసింది అధికారికి కాదు, పాఠకులకి. అందుకే కోపంగా రాయగలిగింది. ఆ జాతి షరతు 1931లో పోయింది.

ఈ చరిత్ర ముగిసిపోయిందనుకుంటాం. 1907 చట్టంలోని ఆ నిబంధనకి విచారం తెలుపుతూ 2014లో అమెరికా సెనేట్ తీర్మానం చేసింది. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టుకి ఫౌజియా దిన్ కేసు వచ్చింది. అఫ్ఘానిస్తాన్ నుంచి శరణార్థిగా వచ్చి పౌరురాలైన స్త్రీ. భర్తకి వీసా ఎందుకు నిరాకరించారో సరైన కారణం చెప్పమని అడిగింది. ఓడిపోయింది. ముగ్గురు న్యాయమూర్తుల తరఫున స్కాలియా రాసిన అభిప్రాయంలో, భర్తతో ఆ దేశంలో కాపురం చేసే హక్కు అక్కడి సంప్రదాయంలో లేదనడానికి చూపిన ఆధారాల్లో 1907 చట్టం ఒకటి. విదేశీయుణ్ణి పెళ్ళాడినందుకు ఒకప్పుడు స్త్రీ తన పౌరసత్వాన్నే పోగొట్టుకునేది, ఇంక భర్త వీసా మీద హక్కెక్కడిది అన్నది వాదం. స్త్రీలకు చేసిన అన్యాయం, వాళ్ళకి హక్కు లేదనడానికి సాక్ష్యంగా మారింది.

మేం ఉత్తరం దిద్దుతుండగానే, 2024 జూన్ 21న, సాండ్రా మున్యోజ్ కేసు తీర్పు వచ్చింది. ఆమె లాస్ ఏంజెలెస్‌లో న్యాయవాది, అమెరికా పౌరురాలు. భర్తది ఎల్ సాల్వడార్. అనుమతి లేకుండా ఉన్నందుకు కావలసిన వేవర్ అతనికి దొరికింది. ఆ ధైర్యంతో 2015లో వీసా ఇంటర్వ్యూకి తన దేశం వెళ్ళాడు. అక్కడ, నేరముఠాతో సంబంధం ఉందన్న అనుమానంతో వీసా ఇవ్వలేదు. అతని ఒంటి మీది పచ్చబొట్లు దానికి కారణమై ఉంటాయని ఆమెకు అనిపించింది. తొమ్మిదేళ్ళు పోరాడాక, విదేశీయుడైన భర్తని దేశంలోకి రానివ్వమనే ప్రాథమిక హక్కు పౌరులకి లేదని ఐదుగురు న్యాయమూర్తులు తేల్చారు. ముగ్గురు ఒప్పుకోలేదు. హక్కు లేనిచోట మిగిలేది దయ. దయ కోసం రాసేది అర్జీ. అర్జీలో మనిషి ఎంత చిన్నగా కనిపిస్తే అంత మంచిది.

ఈ చట్టాల్లో ఇప్పుడు భార్య అనే మాట లేదు, జీవిత భాగస్వామి అనే ఉంది. మగవాళ్ళూ ఇలాంటి ఉత్తరాలు రాస్తారు. వాళ్ళనీ బలహీనులుగానే కనిపించమంటారు. కానీ దరఖాస్తులో రెండో ప్రశ్న ఒకటుంది: విడిగా ఉండలేకపోతే, నువ్వే అతని దేశం వెళ్ళొచ్చు కదా? వెళ్ళడం కూడా తీవ్రమైన కష్టమేనని చాలాసార్లు చూపించవలసి వస్తుంది. ఈ ప్రశ్న మనకి కొత్త కాదు. భర్త ఎక్కడుంటే భార్య ఊరు అదే. కాపురానికి రమ్మని భార్యని కోర్టు ద్వారా ఆదేశించే హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షన్ చెల్లదని 1983లో సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జస్టిస్ పి.ఎ. చౌదరి తీర్పిచ్చారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ సెక్షన్ సరైనదేనంది. అక్కడ భర్త ఇంటికి వెళ్ళి తీరాలంటారు, ఇక్కడ భర్త ఇంటికి రాకూడదంటారు. రెండుచోట్లా ఆమె ఏమనుకుంటోందన్నది చివరి సంగతే. తల్లి డయాలసిస్ లేకపోయినా, గుంటూరు వెళ్ళాలని లేదు అన్న ఒక్క మాట చాలకూడదా అని మా చెల్లెలు అడిగింది. చాలదు.

అన్నిటికన్నా గట్టిగా తగిలిన ప్రశ్న లాయరు చివర్లో అడిగాడు. "అతను గడువు దాటి ఉన్న సంగతి పెళ్ళికి ముందు మీకు తెలుసా?" 1999లో వలస అప్పీళ్ళ బోర్డు సెర్వాంటెస్ కేసులో ఒక మాట చెప్పింది. భర్త మీద బహిష్కరణ విచారణ నడుస్తోందని భార్యకి పెళ్ళినాటికే తెలుసు కాబట్టి, విడిపోవడమో వెంట వెళ్ళడమో తప్పకపోవచ్చని ఆమె అనుకునే ఉండాలి, అందుచేత ఆమె కష్టం వాదన బలహీనమే అని. 1915లో ఎథెల్ మెకెంజీకి చెప్పిన మాటే ఇది. తెలిసి చేసుకున్నావు, అనుభవించు.

లాయరు అబద్ధం చెప్పమనలేదు. ఆ సంగతి మనంతట మనం ఎత్తొద్దన్నాడు. నాకూ అదే మంచిదనిపించింది. నేనైతే 'పదేళ్ళ నిషేధం గురించి అప్పట్లో పూర్తి అవగాహన లేదు' అని ఒక మెత్తటి వాక్యం కూడా తయారుచేశాను. పరిశోధకులకి ఇలాంటి వాక్యాలు బాగా వస్తాయి. ఫోన్లో చదివి వినిపించాను. అటువైపు కాసేపు మాట లేదు.

"తెలుసక్కా. అంతా తెలుసు. చదివి, లెక్కలేసుకుని, తెలిసే చేసుకున్నాను. అది రాయి."

"దానివల్ల రాకుండా పోతే?"

"ఇల్లు తీసేశావు, అఆలు తీసేశావు, ఊరుకున్నాను. ఏమీ తెలియని పిల్లనని రాస్తే ఆ పెళ్ళి నాది కాదు."

రాశాను. మూడో పేజీలో ఒకే వాక్యం. లాయరు రెండుసార్లు అభ్యంతరం చెప్పి, వదిలేశాడు. ఆమె సంతకం చేసింది. 2024 ఆగస్టులో పంపాం. ఇంకా జవాబు రాలేదు. బాబు ఇప్పుడు అఆలు రాస్తున్నాడు.

ఇలాంటి ఉత్తరాలు వేల ఇళ్ళలో, ఎన్నో భాషల్లో ఆలోచించి ఇంగ్లీషులో రాస్తున్నారు. మన ఆడపిల్లలూ రాస్తున్నారు. అవి ఫైళ్ళలోకి వెళ్ళిపోతాయి. రేపెప్పుడైనా ఏ పరిశోధకురాలైనా వాటిని తెరిస్తే, ఈ కాలపు స్త్రీలంతా నిద్రమాత్రల మీద బతికారనుకుంటుంది. అందుకే మా చెల్లెలి మొదటి ప్రతిని, ఎర్ర గీతలతో సహా, దాచి ఉంచాను. ఇల్లు, డయాలసిస్ ప్రయాణాలు, తెల్లవారుజాము అఆలు అన్నీ అందులో ఉన్నాయి. మీలో ఎవరైనా ఇలాంటి ఉత్తరం రాయవలసి వస్తే, తీసేసిన పేజీలు పారెయ్యకండి.