బకెట్‌కు అతికించిన కొక్కెం

మన దగ్గర మట్టి తవ్వే యంత్రం ఏదైనా జేసీబీయే. ఆ కంపెనీది కాకపోయినా సరే. ఇంకాస్త పెద్దదైతే ‘ప్రొక్లెయిన్’ అంటాం. అదీ పొక్లెయిన్ అనే ఫ్రెంచి కంపెనీ పేరే, మన నోట్లో కాస్త అరిగింది. అయితే ఆ యంత్రాల బకెట్లకు, ట్రాక్టర్ లోడర్ల బకెట్లకు నార్సింగి లాంటి చోట్ల వెల్డింగ్ షాపుల్లో అతికించే వస్తువులకు మాత్రం పేర్లే లేవు. “అదే అన్నా, మొన్న పెట్టినం కదా, అది” అంటే సరిపోతుంది. ఈ వ్యాసం ఆ ‘అది’ గురించి.

లోడర్ బకెట్‌ను చేసింది వదులుగా ఉన్న సరుకును ఎత్తడానికి: మట్టి, ఇసుక, కంకర. సైటులో పని అక్కడితో ఆగదు. పైపు గుంతలోకి దించాలి, సిమెంటు రింగులు మోయాలి, పోసిన మొరం చదును చెయ్యాలి. ఒక్కో పనికి ఒక్కో యంత్రం తెప్పించే స్తోమత చిన్న కాంట్రాక్టర్‌కు ఉండదు. అందుకే బకెట్ అంచుకు కొక్కెం వెల్డ్ చేయిస్తాడు. రెండు ఇనుప చానళ్లు బిగిస్తే బస్తాలు ఎత్తే ఫోర్కు అవుతుంది. పళ్ల ముందు పాత పట్టా ముక్క కడితే చదును చేసే బ్లేడు అవుతుంది. ఈ పనికి డ్రాయింగు ఉండదు. నేల మీద సుద్దముక్కతో గీసిన గీతే డ్రాయింగు.

ఇది కంపెనీ సరుకును పాడుచేసే మోటుపని అని ఇంజనీర్లు విసుక్కోవడం విన్నాను. కానీ ఆ కంపెనీ పుట్టుక చూడండి. 1945లో ఇంగ్లండులోని అటాక్సెటర్ అనే చిన్న ఊళ్లో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ ఒక అద్దె గ్యారేజీలో పని మొదలుపెట్టాడు. ఒక పౌండుకు కొన్న పాత వెల్డింగ్ సెట్టుతో, యుద్ధంలో మిగిలిన సామానుతో ఒక ట్రెయిలర్ చేసి 45 పౌండ్లకు అమ్మాడు. 1953లో అతని కంపెనీ ట్రాక్టర్‌కు ముందు బకెట్, వెనక తవ్వే చెయ్యి కలిపి తెచ్చింది. అంటే జేసీబీ అనే మాటకు మూలం కూడా ట్రాక్టర్‌కు ఏదో ఒకటి అతికించడమే. 1979లో ఎస్కార్ట్స్‌తో కలిసి ఆ కంపెనీ హర్యానాలోని బల్లబ్‌గఢ్‌కు వచ్చింది. ఆ అతుకే మూడు అక్షరాల పేరుతో మన ఊళ్లదాకా చేరింది.

మనకూ ఇది కొత్త కాదు. నాగలి, గుంటక, గొర్రు ఏ ఊరి నేలకు తగ్గట్టు ఆ ఊరి వడ్ల, కమ్మరి సరిచేసి ఇచ్చేవాళ్లు. రాళ్ల నేల అయితే కర్రు ఒక తీరు, నల్లరేగడి అయితే ఇంకో తీరు. నార్సింగి చుట్టూ నేల సంగతి తెలిసిందే: సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుండ్లు. పక్కనే ఉన్న గండిపేట ఆనకట్ట 1920లో పూర్తయింది. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాయి. ఆ తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఈ ఊరిని తాకుతూ వచ్చింది. పొలాలు ప్లాట్లయ్యాయి, కొలిమి పని వెల్డింగ్ షాపుకు మారింది. గిరాకీ మాత్రం అదే: “మా నేలకు పనికొచ్చేట్టు చేసియ్యి.”

అలాగని దీన్ని జుగాడ్ అంటూ మెచ్చుకుని వదిలేయడం నాకు ఇష్టం లేదు. బరువు ముందుకు జరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ముందు ఇరుసుకు ఒక మీటరు దూరంలో వేలాడే 500 కిలోలను రెండు మీటర్లకు జరిపితే, ట్రాక్టర్‌ను ముందుకు బోర్లించే బలం రెట్టింపవుతుంది. వెనక చక్రాలు తేలిపోతాయి. అందుకే వెనక ఇసుక బస్తాలు కడతారు. గట్టిపరిచిన ఉక్కు పంటికి వెల్డింగ్ చేస్తే అతుకు పక్కన లోహం పెళుసుబారుతుంది. లోపల వచ్చిన చీలిక పైకి కనబడదు. ఆ సమయంలో పైపును చేత్తో పట్టుకుని, బకెట్ కింద నిలబడి దారి చూపేది రోజుకూలీ. డ్రైవర్ క్యాబిన్‌లో ఉంటాడు, కాంట్రాక్టర్ ఫోన్‌లో ఉంటాడు.

నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది, దాని కింద 1998లో కేంద్ర నియమాలు వచ్చాయి. బరువులెత్తే సామగ్రిని అర్హత ఉన్న వ్యక్తి పరీక్షించాలని అవి చెప్పాయి. పేరే లేని కొక్కేన్ని ఏ రిజిస్టర్‌లో రాస్తారు? పేరు లేకపోవడమంటే ఇదే. చేసినవాడికి గుర్తింపు రాదు, తెగినప్పుడు బాధ్యత ఎవరిదో తేలదు.

పేరు వస్తే ఏమవుతుందో మన రాష్ట్రంలోనే చూశాం. ఆసు పోసే యంత్రం చేసిన చింతకింది మల్లేశం పెద్ద చదువులు చదవలేదు. తల్లి భుజాల నొప్పి చూడలేక మొదలుపెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, తర్వాత సినిమా కూడా వచ్చింది. వెల్డింగ్ షాపుల్లోని ప్రతి అతుకూ అంత గొప్పది కాదు, కానక్కర్లేదు కూడా. కానీ బాగా పనిచేసేదేదో, ప్రాణం తీసేదేదో తేల్చాలంటే ముందు దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

అందుకు పెద్ద ఖర్చేమీ లేదు. కొక్కెం బకెట్ పంటికి కాకుండా, కంపెనీ చూపించిన చోట బోల్టుతో బిగించాలి. బరువు వేసి పరీక్షించాలి. దాని పక్కనే తెల్ల పెయింటుతో మూడు మాటలు రాయాలి: చేసిన షాపు పేరు, తేదీ, ఎన్ని కిలోలు. ఆటో వెనక ఇంటిల్లిపాది పేర్లు రాసే పెయింటర్ మనకెలాగూ ఉన్నాడు. ఈ మూడు మాటలకు అతనికి అయిదు నిమిషాలు చాలు.