పాతాళగంధి వేరు నుంచి డిప్రెషన్ మాత్ర దాకా



పోస్టు పొడుగ్గా ఉంటుంది, తీరిక చేసుకుని చదవండి. ఈ గ్రూపులో 1/70 చట్టం గురించి రాసుకున్నాం, పోడు గురించి రాసుకున్నాం. మనసు జబ్బుల గురించి మాత్రం ఎవరూ రాయలేదు. హాస్టల్లో ఒకడికి నెల రోజులుగా నిద్ర లేదు, ఇంకొకడికి మెస్సుకి రావాలనే అనిపించదు, ఇంకొకామెకి పరీక్ష హాలు గుమ్మం దగ్గరే గుండె దడ, చేతులకు చెమట. మనం చెప్పే మాట ఒక్కటే: "ఇంటి బెంగ, అదే పోతుంది." ముదిరితే ఊరికి తీసుకెళ్లి వడ్డె దగ్గర కూర్చోబెడతాం. ఆసుపత్రి అంటే మాత్రం "వాడేమన్నా పిచ్చోడా? ఆ ఇంగ్లీషు మందులు మనకు పడవు" అంటారు. ఆ ఇంగ్లీషు మందులు అనే మాట దగ్గరే మా పేచీ. వాటి చరిత్ర చదివితే అందులో మన అడవి వేరు ఒకటి కనిపించింది.

పాతాళగంధి పేరు పెద్దోళ్లు వినే ఉంటారు. సర్పగంధ అని కూడా అంటారు. నీడలో పెరిగే చిన్న మొక్క. పాము కాటుకి, నిద్ర పట్టని వాళ్లకి, మతి చెదిరిన వాళ్లకి దీని వేరు ఇవ్వడం మన దేశంలో చాలా పాత వాడుక. బీహార్ వైపు దీన్ని పిచ్చి మందు అనే అర్థం వచ్చే పేరుతోనే అమ్మేవాళ్లు. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు బెంగాలీ వైద్యులు ఈ వేరు రక్తపోటుకీ, ఉన్మాదానికీ పనిచేస్తోందని వైద్య పత్రికలో రాశారు. అదే రోజుల్లో ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఈ వేరులోంచి రసాయనాలు విడదీసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలిన్ అని పేరు పెట్టాడు. పై దేశాలకి మాత్రం ఇది ఇంకో ఇరవై ఏళ్లకి గానీ ఎక్కలేదు. 1952లో స్విట్జర్లాండ్ కంపెనీ సీబా ఆ వేరులోంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని బయటికి తీసింది. 1954లో న్యూయార్క్ రాష్ట్రంలో నాథన్ క్లైన్ అనే డాక్టర్ మానసిక ఆసుపత్రి రోగులకి దాన్ని ఇచ్చి ఫలితాలు రాశాడు. 1957లో ఆయనకి లాస్కర్ అవార్డు వచ్చింది. ఆ వేరుని మొదట తవ్వి, నలిపి, ఎవరికి ఎంత ఇవ్వాలో కనిపెట్టిన వాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. మనకిది కొత్తేం కాదు లెండి.

అసలు కథ ఇక్కడే మలుపు తిరిగింది. రక్తపోటు కోసం రిసర్పిన్ వాడిన వాళ్లలో కొందరు దిగులులో పడిపోతున్నారని డాక్టర్లు రాయడం మొదలుపెట్టారు. (కాబట్టి ఇది చదివి ఎవరూ వేరు తవ్వుకుని నమలొద్దు. నిజంగానే చెప్తున్నాం, బీపీ పడిపోతుంది.) రిసర్పిన్ మెదడులో ఏం చేస్తోందని వెతికితే, సెరటోనిన్ లాంటి రసాయనాల నిల్వల్ని ఖాళీ చేస్తోందని 1955 ప్రాంతంలో అమెరికా ప్రయోగశాలల్లో తేలింది.

దీనికి సరిగ్గా ఎదురు కథ టీబీ వార్డులో నడిచింది. మన గూడేల్లో టీబీ మందు తెలియని ఇల్లు తక్కువ. 1952లో న్యూయార్క్ సీ వ్యూ ఆసుపత్రిలో ఇప్రోనియాజిడ్ అనే టీబీ మందు ఇస్తే, మంచాన పడ్డ రోగులు మరీ హుషారైపోయారు. ఆ మందు మెదడులో అవే రసాయనాలు విరిగిపోకుండా ఆపుతుందని తేలింది. 1957లో దాన్ని డిప్రెషన్‌కి వాడి చూపించినవాళ్లలో మళ్లీ ఆ నాథన్ క్లైనే ఉన్నాడు. కాలేయం దెబ్బతింటోందని తర్వాత ఆ మందు తీసేశారు. ఆ రోజుల్లోనే స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ ఇమిప్రమిన్ డిప్రెషన్‌కి పనిచేస్తుందని కనిపెట్టాడు. ఇప్పుడు ఎక్కువగా రాసే ఫ్లూక్సెటిన్ రకం మాత్రలకి అమెరికాలో 1987లో అనుమతి వచ్చింది.

అంటే డిప్రెషన్ మెదడులో రసాయనం తక్కువైతే వచ్చే జబ్బేనా? 1960ల్లో అలాగే అనుకున్నారు. ఇప్పుడు శాస్త్రవేత్తలే అంత తేలిక కాదంటున్నారు. అప్పులు, చావులు, అవమానం, ఊరికి దూరమవడం, వంశంలో ఉండడం, అన్నీ కలుస్తాయి. మాకైతే ఇదే నమ్మకంగా ఉంది. క్లాసులో మన యాస విని నవ్వితే కలిగే బాధ ఒక్క రసాయనంతో వచ్చింది కాదు. అందుకే మాత్రతో పాటు మాటలతో చేసే వైద్యం, అంటే కౌన్సెలింగ్, థెరపీ కూడా ఉన్నాయి. తక్కువ స్థాయి జబ్బుకి చాలాసార్లు అదొక్కటే చాలు.

ఆసుపత్రి అంటే మనవాళ్ల భయానికి కూడా చరిత్ర ఉంది, ఊరికే వచ్చింది కాదు. బ్రిటిష్ వాళ్ల 1912 చట్టం పేరులోనే పిచ్చి అనే మాట ఉంది. రోగిని పట్టుకుని గోడల మధ్య పెట్టడమే అప్పటి పద్ధతి. వాల్తేరు ఆసుపత్రి, ఎర్రగడ్డ ఆసుపత్రి పేర్లు ఇప్పటికీ తిట్లుగా వాడుతున్నామంటే అందుకే. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు మంటల్లో 28 మంది చనిపోయారు. అది ఆసుపత్రి కాదు, దర్గా చుట్టూ ప్రైవేటుగా నడిపిన షెడ్డు. గొలుసులు కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ప్రభుత్వ వైద్యం పొందే హక్కు, విషయం గోప్యంగా ఉంచే హక్కు కూడా అందులో ఉన్నాయి. 1982లో జాతీయ కార్యక్రమం, 1996లో జిల్లా కార్యక్రమం మొదలవడంతో ఈ వైద్యం జిల్లాలకి రావడం మొదలైంది. అయినా 2015-16 జాతీయ సర్వేలో డిప్రెషన్, యాంగ్జైటీ లాంటి మామూలు మనసు జబ్బులున్న వాళ్లలో 85 శాతం దాకా వైద్యం అందనివాళ్లే.

బెంగకీ జబ్బుకీ తేడా ఎలా తెలుస్తుందంటే, డాక్టర్లు చూసేది రోజుల లెక్క, పని ఆగిందా అనేది. దిగులు, దేని మీదా ఇష్టం లేకపోవడం దాదాపు రోజంతా రెండు వారాలు దాటి ఉండి, తిండి, నిద్ర, చదువు దెబ్బతింటే డిప్రెషన్ అని అనుమానించాలి. కారణం లేని కంగారు నెలల తరబడి వదలకపోతే, లేదా ఉన్నట్టుండి ఊపిరాడక చచ్చిపోతానేమో అన్నంత భయం మళ్లీ మళ్లీ వస్తుంటే అది యాంగ్జైటీ వైపు. చనిపోవాలనే ఆలోచన వస్తే వారాలు లెక్కపెట్టొద్దు, ఆ రోజే వెళ్లాలి, ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు.

జిల్లా ఆసుపత్రిలో మానసిక విభాగం ఓపీ ఏ రోజు ఉంటుందో అడిగి వెళ్లండి. దూరమైతే మొదట పీహెచ్‌సీ డాక్టర్‌కి చెప్పండి. 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్ వాళ్లు 24 గంటలూ ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో కూడా. మాత్ర రాస్తే అది పట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే పనిచేయట్లేదని మానేయొద్దు, నయమైందని మీ అంతట మీరు ఆపొద్దు. మెడికల్ షాపులో నిద్రమాత్రలు అడిగి తెచ్చుకోవడం వేరే సంగతి, అలవాటు పడితే వదలడం కష్టం. వడ్డె దగ్గరికి వెళ్లొద్దని మేం అనట్లేదు. అక్కడ కూర్చుంటే మన మాట వినేవాళ్లు ఉంటారు, అదీ అవసరమే. డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లమంటున్నాం.

ఇంకొకటి. రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలని ఆ చట్టంలోనే ఉంది. కానీ కోయ, గోండి, కువి వచ్చిన డాక్టర్లు ఎంతమంది? మన అమ్మానాన్నల్ని తీసుకెళ్తే పక్కన మాట కలిపేవాళ్లు ఉండాలి. మా హాస్టల్ నుంచి ముగ్గురం దీనికి ఒప్పుకున్నాం. మీ వైపు ఎవరు రాగలరో, ఏ భాష వచ్చో కామెంట్లో పెట్టండి. సాయం కావాల్సిన వాళ్లు మాత్రం కామెంట్ వద్దు, విడిగా మెసేజ్ చేయండి.