లెక్కలు ‘రావు’

కువైట్ బడుల్లో గణితం పేరు ‘రియాదియ్యాత్’. కసరత్తుకూ ఆటలకూ అరబ్బీలో ఉన్న మాట ‘రియాదా’. రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టాయి. పశువును మచ్చిక చేసి పనికి అలవాటు చేయడం ఆ ధాతువు పాత అర్థం. అంటే సాధన ఆ పేరులోనే ఉంది. అబ్బాసియా, సాల్మియాల్లోని మన తెలుగు ఇళ్లలో మాత్రం పిల్లల గణితం గురించి తరచూ వినిపించే మాట వేరు: ‘మావాడికి లెక్కలు రావు.’

ఈ ‘రావు’ను కాస్త పట్టి చూడాలి. తెలుగులో విద్య మన దగ్గరికి నడిచి వస్తుంది. ఈత వచ్చు, వంట వచ్చు, అరబ్బీ వచ్చు. వాక్యంలో కర్త లెక్కలే. పిల్లవాడు ‘కి’ తగిలించుకుని వాటి కోసం ఎదురుచూస్తుంటాడు. ఇంతవరకు నింద ఏమీ లేదు. పైగా ఈ ‘వచ్చు’ అనే మాటే ‘చేయవచ్చు’, ‘నేర్వవచ్చు’లలో వీలును చెబుతుంది. చిక్కంతా వ్యతిరేక రూపంలో ఉంది. ‘రాలేదు’ అంటే ఇప్పటిదాకా. ‘రావడం లేదు’ అంటే ఈమధ్య. ‘రావు’కు కాలం లేదు. తద్ధర్మం, అంటే స్వభావం చెప్పే క్రియకు ఇది వ్యతిరేకం. ‘పాముకు కాళ్లుండవు’ అన్న వాక్యం పక్కనే ‘మావాడికి లెక్కలు రావు’ కూడా చేరిపోతుంది. ఎనిమిదేళ్ల పిల్లవాడి రేపటిని కూడా ఆ ఒక్క క్రియ మూసేస్తుంది. అదీ వాడు వింటుండగా.

స్కానింగ్ తీయిస్తే బుర్రలో ఏముందో తెలుస్తుందా అని అడిగే తల్లులున్నారు. మంచి ప్రశ్నే. రక్తంలో ఆక్సిజన్ మార్పులను ఎంఆర్ఐతో పట్టుకోవచ్చని సేజీ ఒగావా 1990లో చూపించాక, పిల్లలు కూడిక చేస్తుండగానే మెదడు పనిని చూడటం వీలైంది. 2015లో స్టాన్‌ఫర్డ్‌లోని వినోద్ మీనన్ బృందం మూడో తరగతి పిల్లలను ఇలా చూసింది. లెక్కల్లో వెనకబడ్డ పిల్లల మెదడులో పని తక్కువగా ఉంటుందని మనం అనుకుంటాం. కనిపించింది ఎక్కువ. తోటివాళ్లు తేలిగ్గా చేసే కూడికకు వీళ్లు మెదడులో ఎన్నో చోట్ల అదనంగా శ్రమపడుతున్నారు. అలాంటి పిల్లవాడిని ‘మట్టిబుర్ర’ అనడం ఎంత అన్యాయం! ఆ పిల్లలకు 8 వారాలు ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని నేర్పారు. తర్వాత తీసిన స్కాన్లలో వీళ్లకూ తోటివాళ్లకూ తేడా పట్టుబడలేదు.

అదే బృందం 2013లో ఇంకో సంగతి చెప్పింది: శిక్షణకు ముందు మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగం పరిమాణాన్ని బట్టి ఎవరు ఎంత మెరుగుపడతారో అంచనా కట్టవచ్చు, ఐక్యూ అందుకు పనికిరాదు. ఇది చదివి మళ్లీ ‘రావు’ అనేయడం సులువు. అక్కడ చూసింది మాత్రం 24 మంది పిల్లలను, ఒక బోధన పద్ధతిని, 8 వారాల కాలాన్ని. వాళ్లు కొలిచింది ‘ఎంత వచ్చింది’ అన్నదాన్ని. పైగా ఇవన్నీ గుంపుల మీద తేలిన విషయాలు. ఫలానా పిల్లవాడికి డిస్‌కాల్క్యులియా, అంటే లెక్కలు నేర్చుకోవడంలో ప్రత్యేకమైన ఇబ్బంది, ఉందని ఒక్క స్కాన్‌తో తేల్చేందుకు ఇవి చాలవు. అందుకే ఆ తల్లులకు నా జవాబు: స్కాన్ కోసం తిరగకండి, నేర్చుకోవడంలో ఇబ్బందిని పరీక్షించేవాళ్ల దగ్గరికి వెళ్లండి. కువైట్‌లో 1984లోనే సెంటర్ ఫర్ చైల్డ్ ఎవాల్యుయేషన్ అండ్ టీచింగ్ ఇందుకోసం ఏర్పడింది.

వాళ్ల దగ్గరికి వెళ్లేలోగా ఇంట్లో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ‘లెక్కలు’ బహువచనం కదా, మరి ఏ లెక్కలు? బకాలాలో, అంటే వీధి కిరాణా కొట్లో, దీనార్ నోటిచ్చి, 650 ఫిల్సుల సరుకు కొని, 350 ఫిల్సుల చిల్లర సరిగ్గా తెచ్చే పిల్ల, కాగితం మీద 1000 లోంచి 650 తీసేయమంటే సున్నాల దగ్గర ఆగిపోవచ్చు. ఆ పిల్లకు తీసివేత తెలుసు. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం ఒక్కటే ఇంకా రాలేదు. మాస్టారు రేపటి పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.