బుర్రకథయు క్యాసెట్టుపట్టీయు

సండూరు తాలూకాలోని దరోజి గ్రామము పేరు చెప్పినంతనే నేటి యువకులకు ఎలుగుబంట్ల అభయారణ్యము జ్ఞప్తికి వచ్చును. ఈ సీమలోని పెద్దలకు మాత్రము ముందుగా జ్ఞప్తికి వచ్చునది ఒక కంఠస్వరము. అది బుర్రకథ ఈరమ్మగారిది.

1930లో జన్మించి 2014 ఆగస్టు 12వ తేదీన కీర్తిశేషురాలైన ఆమెకు అక్షరజ్ఞానము లేదు. అయినను 12 పెద్ద కథలను ఆద్యంతము ధారణయందు నిలుపుకొనెను. వానిని అచ్చొత్తించినచో 7000 పుటలగునని లెక్క. 1999లో కర్ణాటక ప్రభుత్వము రాజ్యోత్సవ ప్రశస్తి నొసగెను. హంపి కన్నడ విశ్వవిద్యాలయము నాడోజ బిరుదముతో సత్కరించెను.

ఆమె పుట్టినది బుడగ జంగముల యింట. వారి యింటిభాష తెలుగు. ఆమె వేదికపై చెప్పిన కథలు కన్నడము. ఆమె మనదా, వారిదా యను తగవు మాకు రుచింపదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకును, సండూరుతో కూడ మిగిలిన బళ్లారి సీమ మైసూరునకును చేరినప్పుడు గీత పడినది పటముమీదనే గాని తంబుర తీగెమీద గాదు. ఆమె చెప్పిన కుమారరాముని కథయు ఈ నేలదే. పదునాలుగవ శతాబ్ది పూర్వార్ధమున ఢిల్లీ సుల్తాను సేనలతో పోరి మడిసిన ఆ వీరుడు కంపిలిరాయని కుమారుడు. కంపిలి దరోజికి దూరము కాదు. వినువారికి ఆ కొండలన్నియు తెలిసినవే!

తెలుగునాట బుర్రకథ యనగానే గుంటూరు సీమకు చెందిన నాజరుగారు గుర్తుకు వత్తురు. వారు 1940 తరువాతి దినములలో ఆ కళను రాజకీయ వేదిక కెక్కించిరి. దరోజిది అంతకు పూర్వపు బాణి. ఊరూర తిరిగి, గింజలు అడిగి తెచ్చుకొను జంగముల కథ. రెండింటను ప్రాణము మాత్రమొకటే. నడుమ కథకుడో కథకురాలో తంబుర మీటుచు, చేతి అందె మ్రోగించుచు కథ నడుపును. ఇరుప్రక్కల వంతలు గుమ్మెటలతో తందాన యందుకొందురు; ప్రశ్నింతురు, పరిహసింతురు. సభ నవ్విన చోట కథ సాగును, ఆవులించిన చోట కుదించుకొనును. ఒకనాటి కథ మరునాడు ఉండదు.

ఇట్టి దానిని పట్టి యుంచుట కేది సాధనము? 1963లో బెర్లిను ప్రదర్శనమున ఫిలిప్సు కంపెనీవారు క్యాసెట్టును లోకమునకు చూపిరి. అందలి పట్టీ వెడల్పు నాలుగు మిల్లీమీటర్లైనను లేదు, సెకనుకు 4.76 సెంటీమీటర్లు మాత్రమే నడచును. మొదట అది సంగీతమునకై చేసినది కాదు, మాట లెక్కించుకొనుటకు. అయినను 1970, 1980 దశకములలో మన యిండ్లకును వచ్చెను. అరువది నిమిషముల క్యాసెట్టు ఒకవైపు అరగంటయే. ఎనిమిది గంటల రాత్రి కథకు ఎనిమిది క్యాసెట్లు, అనగా సుమారు 685 మీటర్ల పట్టీ, కావలెను. అంత కొనగలవారు మనలో నెందరు?

చౌక యంత్రములలో మరియొక చిక్కు కలదు. ధ్వని హెచ్చుతగ్గులను తనంతట తానే సరిచేయు ఏర్పాటొకటి వానియందుండును. గుమ్మెట గట్టిగా మ్రోగినంతనే యంత్రము చెవి ముడుచుకొనును. ఆ వెంటనే వచ్చు మాట నూతిలో నుండి వచ్చినట్లుండి, మెల్లగా పైకి తేలును. మైకును గుమ్మెటకు దూరముగా, కథకురాలికి దాపుగా నుంచుట తెలిసినవారు తక్కువ.

ఇది మన కొక్కరికే వచ్చిన చిక్కు కాదు. అమెరికా నల్లజాతివారి జాజ్ సంగీతమును చూడుడు. వాద్యకారుడు సభయందే అప్పటికప్పుడు రాగమును పెంచి వాయించును. మన మనోధర్మమునకు అది చుట్టము. 1947 మార్చిలో లాస్ ఏంజెల్సు నగరపు హై-డి-హో క్లబ్బున చార్లీ పార్కరు శాక్సఫోను వాయించుచుండగా, తానును ఆ వాద్యకారుడేయైన డీన్ బెనెడెట్టి రాత్రి వెంట రాత్రి రికార్డు చేసెను. మరుసటి ఏడు న్యూయార్కునను చేసెను. పరికరము ఖరీదు, కావున పార్కరు వాయించు భాగములే పట్టి, తోటివారి వంతు రాగానే యంత్రము నాపివేసెను. ఆ రికార్డులు 1990లో వెలువడినవి. అవి అమూల్యములే. కాని పార్కరు ఎవరి పలుకునకు బదులు పలికెనో ఆ పలుకు అందు లేదు.

మేమును అట్టి పాపమే చేసితిమి. 1980 దశకమున ఈ తాలూకాలోని యొక జాతరలో, ఒక జంగముల మేళము కథ చెప్పుచుండగా, మాయొద్ద నున్నది ఒకే క్యాసెట్టు. వంతలు హాస్యమాడినప్పుడెల్ల మీట నొక్కి ఆపితిమి. పొదుపు చేయుచున్నామని సంతోషించితిమి కూడ. చాల యేండ్ల తరువాత విన్నప్పుడు గాని మాకు తెలియలేదు: కథ కన్నడము, వంతలు తమలో తాము విసరుకొన్న మాటలే తెలుగు. మన భాషనే మేము ఏరి ఏరి తీసివేసితిమి.

మన కుటుంబముల పెట్టెలలో ఇట్టివి ఇంకను ఉండవచ్చును. పాతదొకటి దొరికినచో వెంటనే యంత్రమున వేయరాదు. తెల్లని బూజున్నచో అసలే వేయరాదు. పట్టీని తలకు అదుముచుండు చిన్న ఉన్నిముక్క ఊడినదేమో చూడవలెను. వెనుకనున్న రెండు రెక్కలను విరిచినచో పొరపాటున చెరిగిపోదు. పిదప నెమ్మదిగా ఒకసారి ముందుకు, ఒకసారి వెనుకకు చుట్టి, తెలిసినవారి చేత కంప్యూటరులోని కెక్కించవలెను. అప్పుడు దగ్గు, నవ్వు, పసిపిల్ల యేడ్పు దేనిని కోయరాదు.

మా క్యాసెట్టు రెక్కలు విరిచివేసితిమి. పెట్టెపై ఊరి పేరు వ్రాసి, ఆనాటి యిరువురు వంతల పేర్లకు చోటు విడిచియుంచితిమి. ఆ మేళము నెరిగినవారెవరైన ఈ సంచిక చదివినచో వారి పేర్లు తెలుప గోరెదము.