పడిగెయు, దాని పాఠకుడును

ఖమ్మము దాటి భద్రాచలపుటడవుల అంచున నివసించు కోయలు తమ గట్టుల (వంశశాఖల) పుట్టుపూర్వోత్తరములను త్రికోణాకృతిగల పడిగె వస్త్రముపై బొమ్మలుగా నిలుపుకొనగా, డోలికోయలు వాద్యసహితముగా వానిని విప్పి కథాగానము చేయుచువచ్చిరి. 2022లో పద్మశ్రీ పొందిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యగారు ఈ గాయకవర్గమువారే.

పడిగె కథను బొమ్మలలో దాచినట్లే, చిత్రమును సంకేతములుగా దాచి మరల విప్పు విద్య యంత్రలోకమున నిన్నమొన్నటిది. 1991లో తొలిసారి వెలువడిన, జెపెగ్ చిత్రములను విప్పు సాఫ్ట్‌వేరైన లిబ్‌జెపెగ్, దత్తాంశమును బఫరులోనికి అందించు భారమును వేరొక విభాగమునకు విడిచి, అందినంత విప్పుచు, చాలనిచో ఆగి నిరీక్షింపగలదు. ఫైలు నడుమ తెగినచో హెచ్చరించి, సమాప్తిచిహ్నమును తానే కల్పించుకొని, దొరికినంత బొమ్మను చూపును. పడిగెకు అట్టి సదుపాయము లేదు, దాని కథ గాయకుని కంఠమునందే గలదు.

కావున పడిగెలను సేకరించు సంస్థలు వాని పాటలను సైతము వెంటనే ధ్వనిముద్రణ చేయింపవలెను.