ట్రాన్సిస్టరు

ట్రాన్సిస్టరు ఒక అర్ధవాహక పరికరం. దీనికి సాధారణంగా మూడు కాళ్ళు ఉంటాయి. ఒక కాలి ద్వారా పంపిన స్వల్ప విద్యుత్తు, మిగిలిన రెండు కాళ్ళ మధ్య పారే అధిక విద్యుత్తును అదుపు చేయడమే ట్రాన్సిస్టరు ముఖ్య లక్షణం. ఈ ఒక్క లక్షణం వలన రెండు రకాల పనులు సాధ్యమవుతాయి. మొదటిది, బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని పెద్దది చేయడం. ఈ పని చేసే వలయాన్ని వర్ధకం అంటారు. రెండవది, విద్యుత్తును పారనివ్వడం లేదా పూర్తిగా ఆపివేయడం, అంటే స్విచ్చిగా పనిచేయడం. రేడియో ప్రధానంగా మొదటి పనిమీద, కంప్యూటరు రెండవ పనిమీద ఆధారపడి ఉన్నాయి.

పేరు

తెలుగునాట ట్రాన్సిస్టరు అనగానే చాలామందికి గుర్తుకు వచ్చేది చేతిలో పట్టుకొని తిరగగల చిన్న రేడియో. నిజానికి ట్రాన్సిస్టరు ఆ రేడియో లోపల ఉండే ఒక భాగం మాత్రమే. అంతకు ముందటి రేడియోలు గాజు వాల్వులతో పనిచేసేవి. వాల్వులు వేడెక్కడానికి ఎక్కువ విద్యుత్తు కావాలి కనుక వాటిని ఇంట్లో ఒక చోట ఉంచి వాడేవారు. ట్రాన్సిస్టర్లు వచ్చిన తరువాత కొద్దిపాటి బ్యాటరీలతో నడిచే రేడియోలు తయారై, కరెంటు లేని పల్లెలకు, పొలం గట్లకు కూడా చేరాయి. ఆ క్రమంలో భాగం పేరే మొత్తం పరికరానికి పేరుగా స్థిరపడింది. ట్రాన్సిస్టరు అనే మాటను 1948లో బెల్ ప్రయోగశాలకు చెందిన జాన్ పియర్స్ సూచించాడు.

తూముతో పోలిక

ట్రాన్సిస్టరు పనిచేసే తీరును అర్థం చేసుకోవడానికి చెరువు తూము మంచి ఉదాహరణ. ఓరుగల్లు ప్రాంతంలో కాకతీయుల కాలంలో కట్టించిన పాకాల, రామప్ప, లక్నవరం వంటి చెరువుల కింద ఆయకట్టుకు నీరు తూముల ద్వారానే పారుతుంది. తూము మూతను కొద్దిగా పైకి ఎత్తడానికి ఒక మనిషి బలం చాలు, కాని దాని వలన కాలువలోకి వచ్చే నీటి ప్రవాహం ఎన్నో ఎకరాలను తడుపుతుంది. మూతను ఎంత ఎత్తితే అంత నీరు పారుతుంది. పూర్తిగా మూస్తే ప్రవాహం ఆగిపోతుంది.

ఈ పోలికలో గమనించవలసిన విషయం ఒకటి ఉంది. తూము నీటిని పుట్టించదు, నీరు చెరువుది. అలాగే ట్రాన్సిస్టరు విద్యుచ్ఛక్తిని పుట్టించదు. వర్ధకం నుండి వచ్చే అదనపు శక్తి అంతా బ్యాటరీ నుండి గాని, ఇతర విద్యుత్ సరఫరా నుండి గాని వచ్చినదే. ఆ శక్తి ఎప్పుడు, ఎంత పారాలో నిర్ణయించడం వరకే ట్రాన్సిస్టరు పని. తూమును మనిషి చేతితో ఎత్తుతాడు, ట్రాన్సిస్టరును మరొక విద్యుత్ సంకేతం తెరుస్తుంది. అందువలన ఒక ట్రాన్సిస్టరు మరొక ట్రాన్సిస్టరును నడిపించగలదు.

అర్ధవాహకాలు

రాగి వంటి లోహాలలో విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది. గాజు, రబ్బరు వంటి బంధకాలలో ప్రవహించదు. సిలికాన్, జెర్మేనియం ఈ రెండు తెగలకూ మధ్యస్థంగా ఉంటాయి కనుక వాటిని అర్ధవాహకాలు అంటారు. సిలికాన్ పరమాణువు బయటి కక్ష్యలో నాలుగు ఎలక్ట్రాన్లు ఉంటాయి. స్ఫటికంలో ప్రతి పరమాణువు తన చుట్టూ ఉన్న నాలుగు పరమాణువులతో బంధం ఏర్పరచుకొంటుంది. అందువలన శుద్ధ సిలికాన్‌లో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు చాలా తక్కువ.

ఈ శుద్ధ స్ఫటికంలో అతి స్వల్ప పరిమాణంలో ఇతర మూలకాలను కలపడాన్ని మాదీకరణం అంటారు. బయటి కక్ష్యలో ఐదు ఎలక్ట్రాన్లున్న భాస్వరాన్ని కలిపితే, నాలుగు ఎలక్ట్రాన్లు బంధాలకు పోగా ఒకటి మిగిలి స్వేచ్ఛగా తిరుగుతుంది. ఇటువంటి సిలికాన్‌ను ఎన్-రకం అంటారు. మూడు ఎలక్ట్రాన్లున్న బోరాన్‌ను కలిపితే ఒక బంధంలో ఎలక్ట్రాను కొరవడి ఖాళీ ఏర్పడుతుంది. ఈ ఖాళీని రంధ్రం అంటారు. పక్కనున్న ఎలక్ట్రాను ఆ ఖాళీని పూరించినప్పుడు ఖాళీ పక్కకు జరుగుతుంది, అందుచేత రంధ్రం ధనావేశం ఉన్న కణంలా ప్రవర్తిస్తుంది. ఇటువంటి సిలికాన్‌ను పి-రకం అంటారు.

నిర్మాణం, పనిచేసే విధానం

ఎన్.పి.ఎన్. ట్రాన్సిస్టరులో రెండు ఎన్-రకం పొరల మధ్య పలుచని పి-రకం పొర ఒకటి ఉంటుంది. మొదటి ఎన్-పొరను ఉద్గారకం లేదా ఎమిటరు అని, మధ్య పొరను ఆధారం లేదా బేస్ అని, మూడవ పొరను సేకరిణి లేదా కలెక్టరు అని అంటారు. ఉద్గారకంలో మాలిన్యం ఎక్కువగా, ఆధారంలో తక్కువగా ఉంటుంది. పి.ఎన్.పి. రకంలో ఈ పొరల అమరిక తలక్రిందులుగా ఉంటుంది.

ఆధారానికి ఉద్గారకం కంటే సుమారు 0.7 వోల్టుల ధన విభవం ఇస్తే, ఉద్గారకంలోని ఎలక్ట్రాన్లు ఆధారంలోకి ప్రవేశిస్తాయి. సేకరిణికి ఇంకా ఎక్కువ ధన విభవం ఇస్తారు. ఆధారం చాలా పలుచగా ఉండడం వలన, దానిలోకి వచ్చిన ఎలక్ట్రాన్లలో ఎక్కువ భాగం అక్కడి రంధ్రాలతో కలిసేలోపే అవతలి అంచుకు చేరి, అక్కడి విద్యుత్ క్షేత్రం వలన సేకరిణిలోకి లాగబడతాయి. ఉదాహరణకు 100 ఎలక్ట్రాన్లు బయలుదేరితే 99 సేకరిణికి చేరి, ఒకటి మాత్రమే ఆధారంలో రంధ్రంతో కలిసిపోతుందనుకొందాం. అలా ఖర్చయిన రంధ్రాలను భర్తీ చేసేది ఆధార విద్యుత్తు. అంటే ఆధారంలో ఒక వంతు విద్యుత్తు పారితే సేకరిణిలో 99 వంతులు పారుతుంది. ఆధార విద్యుత్తును ఆపివేస్తే సేకరిణి విద్యుత్తు కూడా ఆగిపోతుంది.

ఆధారం మందంగా ఉంటే ఎలక్ట్రాన్లు దారిలోనే రంధ్రాలతో కలిసిపోతాయి. రెండు డయోడులను తీగతో ఎదురెదురుగా కలిపినంత మాత్రాన అవి ట్రాన్సిస్టరుగా పనిచేయకపోవడానికి కారణం ఇదే.

వర్ధకంగా

పై ట్రాన్సిస్టరు సేకరిణికి 5,000 ఓముల నిరోధాన్ని కలిపామనుకొందాం. ఆధార విద్యుత్తు ఒక మైక్రో ఆంపియరు పెరిగితే సేకరిణి విద్యుత్తు 99 మైక్రో ఆంపియర్లు పెరుగుతుంది. అప్పుడు నిరోధం కొనల మధ్య వోల్టేజి సుమారు అర వోల్టు మారుతుంది. వరంగల్ ఆకాశవాణి కేంద్రం ప్రసారం చేసే తరంగం దూరపు ఊరిలోని రేడియోకు చేరేసరికి ఎంతో బలహీనపడుతుంది. దానిని వరుసగా కొన్ని ట్రాన్సిస్టర్లు పెంచుకొంటూ పోతే, చివరకు స్పీకరును కదిలించగల సంకేతం వస్తుంది.

స్విచ్చిగా

ఆధార విద్యుత్తు లేనప్పుడు ట్రాన్సిస్టరు మూసిన తూము వంటిది. తగినంత ఉన్నప్పుడు పూర్తిగా తెరిచిన తూము వంటిది. ఈ రెండు స్థితులను 0, 1 అనే అంకెలుగా భావించవచ్చు. ఒకే కాలువ మీద వరుసగా రెండు తూములుంటే, రెండూ తెరిచినప్పుడే పొలానికి నీరు అందుతుంది. ఒకే పొలానికి రెండు వేరు వేరు కాలువలుంటే, ఏ ఒక్క తూము తెరిచినా నీరు అందుతుంది. మొదటి అమరిక "ఇదీ, అదీ" అనే తర్కాన్ని, రెండవది "ఇది గాని, అది గాని" అనే తర్కాన్ని తెలుపుతాయి. తెరిచినది మూసినట్లుగా, మూసినది తెరిచినట్లుగా ఫలితాన్నిచ్చే "కాదు" అనే అమరికను కూడా ఒక ట్రాన్సిస్టరుతో చేయవచ్చు. కంప్యూటరు చేసే కూడికలు, పోలికలు అన్నీ ఇటువంటి అమరికల కలయికలే.

చరిత్ర

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ జెర్మేనియంతో మొదటి ట్రాన్సిస్టరును పనిచేయించారు. మరుసటి సంవత్సరం విలియం షాక్లీ పైన వివరించిన పొరల ట్రాన్సిస్టరును రూపకల్పన చేశాడు. ఈ ముగ్గురికీ 1956లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1954లో సిలికాన్ ట్రాన్సిస్టర్లు, అదే సంవత్సరం అమెరికాలో ట్రాన్సిస్టరు రేడియో అమ్మకానికి వచ్చాయి. 1958లో జాక్ కిల్బీ ఒకే అర్ధవాహకపు ముక్క మీద పూర్తి వలయాన్ని నిర్మించి చూపాడు.

1959లో మొహమ్మద్ అటల్లా, డావన్ కాంగ్ మాస్‌ఫెట్ అనే కొత్త రకాన్ని తయారు చేశారు. ఇందులో ద్వారం లేదా గేటు అనే కొన, పలుచని ఆక్సైడు పొర వలన సిలికాన్‌కు తగలకుండా ఉంటుంది. ద్వారానికి వోల్టేజి ఇస్తే దాని విద్యుత్ క్షేత్రం వలన కింది సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు పోగై దారి ఏర్పడుతుంది. తెరిచి ఉంచడానికి ద్వారంలో విద్యుత్తు దాదాపు అవసరం లేదు కనుక, కోట్ల కొలది మాస్‌ఫెట్లను ఒకే చిప్పులో ఇమడ్చడం సాధ్యమైంది. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్పులో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు ఉండగా, 2020లో వచ్చిన ఆపిల్ ఎం1 చిప్పులో 1,600 కోట్లు ఉన్నాయి.

తెలుగునాట

మాస్‌ఫెట్ రూపొందిన 1959లోనే వరంగల్‌లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు. ఈ సంస్థ 2002లో జాతీయ సాంకేతిక సంస్థగా మారింది. ఎలక్ట్రానిక్స్‌తో పాటు, కోట్ల ట్రాన్సిస్టర్లుండే చిప్పుల రూపకల్పన కూడా ఇక్కడి బోధనాంశం. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. దీని స్థాపనలో ముఖ్యపాత్ర వహించిన అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించాడు. ఈ సంస్థ టి.డి.సి. శ్రేణి కంప్యూటర్లను, టెలివిజన్లను తయారు చేసింది.

కళాశాల ప్రయోగశాలల్లో విద్యార్థులు బి.సి. 107, బి.సి. 547 వంటి చిన్న ట్రాన్సిస్టర్లతో అభిలాక్షణిక వక్రాలు గీస్తారు. ఆధార విద్యుత్తును కొద్దికొద్దిగా పెంచుతూ సేకరిణి విద్యుత్తును కొలవడం ఆ ప్రయోగంలోని ముఖ్యాంశం. రెండు మీటర్ల కొలతల నిష్పత్తి చూస్తే, స్వల్పమైనది అధికమైన దానిని ఎంత మేరకు అదుపు చేస్తున్నదో తెలుస్తుంది.

ఇవి కూడా చూడండి

డయోడు
అర్ధవాహకము
రేడియో
కంప్యూటరు
జాతీయ సాంకేతిక సంస్థ, వరంగల్