దుబాసీ మొదలు దళారి వరకు: చెన్నపట్టణమున తెలుగువారి ఇండ్ల బేరములు

చెన్నపట్టణము పుట్టుకయే ఒక స్థలపు బేరము. 1639వ సంవత్సరమున ఈస్టిండియా కంపెనీ వర్తకుడు ఫ్రాన్సిస్ డే సముద్రతీరమున కోట కట్టుకొనుటకు కొంత నేలను దామెర్ల వేంకటాద్రి నాయకునివద్ద సంపాదించెను. నాయకులు తెలుగువారు; తమ తండ్రి చెన్నప్ప పేరున ఊరు వెలయవలెనని కోరినవారు. ఇంగ్లీషువారికిని నాయకులకును నడుమ నిలిచి మాటలు నడపినవాడు బేరి తిమ్మన్న. ఈ యూరి తొలి బేరమునకు మధ్యవర్తి మనవాడేనని సభలలో గర్వముగా చెప్పుకొనుచుందుము. చెప్పుకొనుట తప్పు కాదు. అయితే ఆ మధ్యవర్తిత్వమే మూడున్నర శతాబ్దములలో మన ఇండ్ల గడపలకు ఏ వేషములతో వచ్చినదో వ్రాసినవారు తక్కువ. ముప్పదియైదేండ్లు జార్జిటౌనులో ఒక వకీలుగారివద్ద గుమాస్తాగా ఉండి, రిజిస్ట్రారు కచ్చేరీలలో పాత పుస్తకముల దుమ్ము మ్రింగినవాడను గనుక ఆ కథ కొంత చెప్పుటకు సాహసించుచున్నాను.

రెండు భాషలు తెలిసినవాడు ద్విభాషి. వాడే వాడుకలో దుబాసీ అయినాడు. దొరకు ఊరివారి మాట తెలియదు, ఊరివారికి దొర మాట తెలియదు. ఇద్దరి మాటయు తెలిసినవాడు ఎవరికి ఎంత చెప్పవలెనో తానే నిర్ణయించును. ఆ నిర్ణయములోనే అతని సంపద యున్నది. దుబాసీలలో ధర్మాత్ములు లేకపోలేదు. పచ్చయప్ప మొదలియారు ఆస్తి నేటికిని విద్యాదానము చేయుచున్నది. కాని అవధానము పాపయ్య కథయు ఈ యూరిదే. గవర్నర్ల కాలమున మిక్కిలి పలుకుబడి గడించిన ఆ తెలుగు దుబాసీ, డేవిడ్ హాలిబర్టన్ అను ఉద్యోగిపై లేని నేరము మోపుటకు కుట్ర చేసెనని 1792లో విచారణకు గురియై శిక్షపడినవాడు. ఇంగ్లీషు నవలాకారుడు వాల్టర్ స్కాట్ 1827లో వెలువరించిన ఒక నవలలో ఆ పేరుగల దుబాసీని పాత్రగా నిలిపెను. చూళై ప్రాంతమున అతని పేర ఒక వీథి నేటికిని ఉన్నది. ఆ వీథిలో కాపురమున్న మనవారిలో ఆ పేరు ఎవరిదో తెలిసినవారు నాకు ఇద్దరో ముగ్గురో తగిలిరి.

కంపెనీ పోయినది, దుబాసీ పోయినాడు. కాని రెండు భాషల నడుమ సందు పోలేదు. నెల్లూరు నుండియు, కృష్ణా గోదావరి మండలముల నుండియు చదువునకును, కొలువునకును, అచ్చుకూటములకును, పిమ్మట సినిమాలకును వచ్చిన కుటుంబములకు ఇల్లు కావలెను. ఇంటివాడు తమిళుడు, పత్రము తమిళమున నుండును. లేదా వకీళ్ల ఇంగ్లీషున నుండును. అప్పుడు "రండి అయ్యగారూ, మాదీ నెల్లూరే" అనుచు తరగరి ఎదురువచ్చును. ఆ ఒక్క తెలుగు మాటకు మనవారు ఇచ్చిన మూల్యము తరగు రొక్కముకన్న ఎక్కువ. పరాయివాడైనచో పది ప్రశ్నలు వేయుదుము. మన మాట మాటాడినవానిని ప్రశ్నించుటకు మొగమాటపడుదుము.

ఈ సందును పూడ్చుటకు ప్రభుత్వము చేసిన పెద్ద ప్రయత్నము దస్తావేజుల రిజిస్ట్రీ. 1864 నాటి చట్టముతో ఆరంభమై, 1908 నాటి 16వ చట్టముతో అది నేటి రూపము దాల్చినది. నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయపత్రము రిజిస్టరు కావలెను. దానికన్న నాకు ముఖ్యముగా తోచునది ఆ చట్టపు 57వ సెక్షను. ఒకటవ పుస్తకమును, దాని సూచికను రుసుము చెల్లించిన ఎవ్వరైనను చూడవచ్చును. అనగా ఒక ఇల్లు ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినదో, దానిపై ఏ తనఖా యున్నదో తెలిసికొనుటకు తరగరి నోటిమాట అక్కరలేదు. దీనినే ఇక్కడ విల్లంగము అందురు. అయితే ఒక మాట గుర్తుంచుకొనవలెను. రిజిస్ట్రారు పత్రమును నమోదు చేయునే కాని, అమ్మినవానికి నిజముగా హక్కు కలదని పూచీపడడు. "గవర్నమెంటు ముద్ర పడినది, ఇంకేమి భయము?" అను తరగరి మాట ఈ భేదమును కప్పిపుచ్చుటకే.

ఇరువదవ శతాబ్దపు మూడవ దశకమున మాంబళము పెద్దచెఱువును పూడ్చి త్యాగరాయనగరము వేసిరి. అది పిట్టి త్యాగరాయ సెట్టిగారి పేర వెలసినది. దాని నడిబొడ్డున పానుగల్లు రాజాగారి పేర ఉద్యానము. ఇద్దరును తెలుగువారే. అక్కడ తీర్చిన వీథులు, కొలిచిన స్థలములు, అడిగినవారికి చూపుటకు పటములు నుండెను. సందేహములకు తావు తక్కువ గనుక దళారి నాలుకకును పని తక్కువ.

వారి నాలుకకు అసలైన పని భయకాలములలో దొరకినది. 1942 ఏప్రిలులో జపాను దాడి భీతిచే పట్టణము సగము ఖాళీ యైనది. పోవువారి తొందరయే కొనువారి లాభమైనదని పెద్దలు చెప్పగా వింటిని. దానికన్న మన కుటుంబములకు దగ్గరిది 1953. ఆ ఏటి అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. మద్రాసు మనదా కాదా అను వివాదము ముగిసి, కాదని తేలినది. సెక్రటేరియటులోని తెలుగు ఉద్యోగులు పలువురు పెట్టెలు సర్దుకొనవలసి వచ్చెను.

మా చిన్నతాతగారు వారిలో ఒకరు. తిరువల్లిక్కేణిలో పెంకుటిల్లు, వెనుక బావి, రెండు కొబ్బరిచెట్లు. ఇంటికి వచ్చుచుపోవుచుండిన తరగరి ఒకడు ఆ వేసవి అంతయు ఒకే మాట చెప్పెను: "పంతులుగారూ, తెలుగువాళ్లందరూ ఒక్కసారిగా అమ్ముతారు. తర్వాత కొనే దిక్కుండదు. ఇక్కడ మిగిలినవాళ్ల గతి ఏమవుతుందో ఎవరికి తెలుసు?" అతడు తెలుగువాడే. ఇల్లు 11,000 రూపాయలకు పోయినది. తాతగారు కర్నూలులో గుడారమున కాపురముండి, ఆ ధర మంచిదేనని తుదివరకు నమ్మిరి. 1990 ప్రాంతమున మరియొక పనికై సూచిక తిరుగవేయుచుండగా ఆ ఇంటి నంబరు నా కంటబడినది. కొన్న వ్యక్తి, మా పెద్దలు చెప్పిన గుర్తులనుబట్టి, ఆ తరగరికి బావమరది. ఏడు నెలల పిమ్మట అదే ఇల్లు 19,500 రూపాయలకు చేయి మారినది. అసలుదారునికి తెలియకుండ మధ్యవర్తి తన కొరకే బేరము నడపుకొన్నచో ఆ లాభమును అడిగి తీసికొను హక్కు అసలుదారునికి కలదని 1872 నాటి ఒప్పందముల చట్టపు 216వ సెక్షను చెప్పుచున్నది. హక్కు పుస్తకములో నుండెను. తాతగారు అప్పటికే కాలధర్మము నొందిరి. పోయినవారికి ధర పడిపోవునని, ఉన్నవారికి బ్రదుకు సాగదని, ఒక్క నోటితోనే రెండు భయములను అమ్మిన ఘనులు ఆనాడు చాలమంది యుండిరని మా వీథివారందరును చెప్పుదురు. అప్పుడు అమ్మక నిలిచినవారి మనుమలే నేడు ఈ సంచికను చదువుచున్నవారిలో పెక్కుమంది.

అద్దె ఇండ్ల కథ వేరు. యుద్ధకాలమున 1941లో వచ్చిన అద్దె నియంత్రణ 1946, 1949, 1960 చట్టములుగా సాగినది. ఇల్లు ఖాళీ యైనచో ఏడు దినములలో అధికారికి తెలుపవలెనని నియమము. ఒక నెల అద్దెకు మించి ముందస్తు పుచ్చుకొనరాదని మరియొక నియమము. ఊరిలోని ఆచారము పది నెలల ముందస్తు! చట్టమునకును ఆచారమునకును నడుమ తొమ్మిది నెలల సందు. ఆ సందులో తరగరి కుర్చీ వేసికొని కూర్చుండెను. 2017 చట్టము 2019లో అమలునకు వచ్చి పాత చట్టమును తొలగించినది. వేరు ఒడంబడిక లేనిచో మూడు నెలల అద్దెయే ముందస్తు అని అందున్నది. ఇక ఇల్లు చూపుటకు ముందు కులమడుగు తరగరులను గూర్చి మనవారు నొచ్చుకొనుట ఎరుగుదును. ఇండ్లు గల మనవారును ఆ ప్రశ్నను అదే తరగరి నోట అడిగించిరని కూడ ఎరుగుదును.

అద్దె లేక ముందుగా పెద్ద మొత్తమిచ్చి కాపురముండు పద్ధతి బెంగుళూరిలో మరింత వ్యాప్తిలో నున్నది. అక్కడ స్థిరపడిన మన బంధువర్గమునకు దాని పేరు భోగ్యము. ఇందులో ఈ మధ్య కాలమున పుట్టిన మోసము ఒకటి చెప్పవలెను. మధ్యవర్తి ఇంటి యజమానివద్ద ఇల్లు నెల అద్దెకు పుచ్చుకొనును. దానినే మరియొక కుటుంబమునకు లక్షల మొత్తము తీసికొని భోగ్యమునకు ఇచ్చును. కొన్ని నెలలు యజమానికి అద్దె సక్రమముగా అందును. పిమ్మట అద్దె ఆగును, మధ్యవర్తి మాయమగును, యజమాని వచ్చి తలుపు తట్టును. మా దూరపు బంధువు, భర్త పోయిన ఇల్లాలు, భవిష్యనిధి సొమ్మంతయు అట్లు పోగొట్టుకొన్నది. ఆమె చేతనున్నది స్టాంపుకాగితముపై నోటరీ ముద్ర వేసిన ఒడంబడిక మాత్రమే. నిజమైన భోగ్యపు తనఖా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ననుసరించి యజమానియే వ్రాసి, రిజిస్టరు చేయవలసినది. "యజమాని విదేశమున నున్నారమ్మా, అంతా నేనే చూస్తాను" అన్న ఒక్క మాటతో ఆ చట్టమంతయు ప్రక్కకు పోయినది.

తిరిగి చెన్నపట్టణపు పడమటి పొలిమేరకు వత్తము. తిరుత్తణి ప్రాంతము చిత్తూరు మండలమున నుండి, పటాస్కరు తీర్పు ననుసరించి 1960 ఏప్రిలు 1వ తేదీన మద్రాసు రాష్ట్రమున చేరినది. అక్కడి పాత దస్తావేజులలో తెలుగువి మెండు. పట్టణము పెరిగి, ఆ పొలములు ప్లాట్లుగా మారినవి. ఆదివారము వ్యానులో ఎక్కించుకొనిపోయి, భోజనము పెట్టి, రంగు జెండాలు నాటిన నేల చూపి, సాయంత్రములోగా బయానా పుచ్చుకొను వ్యాపారమును మీరును చూచియుందురు. 2008లో మా ఎరుకలోని కుటుంబము అట్లే పోయినది. పంచాయతీ అనుమతి కలదని తరగరి చెప్పెను. మూలపత్రమడుగగా 1938 నాటి తెలుగు దస్తావేజు నకలును, దానికి తమిళమున ఒక పుట సంగ్రహమును ఇచ్చెను. "అది పాత భాష సార్, ఇప్పుడు ఎవరికీ అక్కరలేదు, తమిళము చూడండి చాలు." కొడుకు తమిళము చదివెను; నాలుగు హద్దులు సరిగానే యున్నవి, పడమర దారి. ఇంటికి వచ్చిన పిమ్మట ఎనుబదియేండ్ల అత్తగారు కళ్లజోడు పెట్టుకొని తెలుగు పత్రమును బిగ్గరగా చదువనారంభించెను. చెక్కుబందీ వద్ద ఆగి, "దారి కాదురా అబ్బాయి, పడమర చెఱువు కలుజు కాలువ అని ఉంది" అనెను. కలుజు అనగా చెఱువు నిండినప్పుడు నీరు వెడలు చోటు. వారు బయానా ఇయ్యలేదు. 2015 డిసెంబరు వానలలో ఆ ప్లాట్లలో నడుములోతు నీరు నిలిచినది.

ఆ యింటి మనుమరాలు తమిళము, ఇంగ్లీషు చక్కగా చదువును, అది మేలే. 2006 నాటి చట్టముతో బడులలో తమిళము తప్పనిసరి యైన పిమ్మట మన పిల్లలకు తమిళ దస్తావేజు భయము లేదు. తాతముత్తాతల దస్తావేజు మాత్రము వారికి బొమ్మల వలె నున్నది. తొలితరమువారు తమిళము చదువలేక తరగరి చేతిలో పడిరి. ఇప్పటివారు తెలుగు చదువలేక పడుచున్నారు. సందు అదే, ఒడ్డు మారినది.

కడపటి దశాబ్దములలో కట్టుదిట్టములు పెరిగినవి. అధికారపత్రముతో జరిపిన అమ్మకము ఆస్తిహక్కును బదిలీ చేయదని 2011లో సుప్రీముకోర్టు తేల్చినది. స్టాంపు ఖర్చు మిగులునని ఆ దారి చూపిన తరగరులు అంతకుముందు కోకొల్లలు. అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషనును 2016లో మద్రాసు హైకోర్టు నిలిపివేయగా, 2017లో క్రమబద్ధీకరణ నియమములు వచ్చినవి. 2016 నాటి స్థిరాస్తి చట్టము చొప్పున, నమోదైన ప్రాజెక్టులలో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మించు దళారి తానును నమోదై నంబరు పొందవలెను. పొందనివానికి రోజుకు 10,000 రూపాయల చొప్పున జుల్మానా. పాత ఇంటి అమ్మకమునకు, అద్దెలకు మాత్రము ఆ కంచె చాలదు. విల్లంగమును ఇప్పుడు ఇంటనుండియే ఇంటర్నెట్టులో చూడవచ్చును. అయితే అందులో కనబడునవి ఇటీవలి దశాబ్దముల లావాదేవీలే. అంతకు పూర్వపువి కచ్చేరీ పుస్తకములలోనే యున్నవి. సరిహద్దు తాలూకాలలో వానిలో పెక్కు తెలుగున నున్నవి.

మన సభ్యులయిండ్ల పెట్టెలలో అట్టి పత్రములున్నచో, అమ్మకమునకో కొనుగోలునకో దిగుటకు ముందు సంఘ గ్రంథాలయమునకు తీసికొనిరండు. నేనును, నావంటి విశ్రాంత గుమాస్తాలు మరి కొందరును అక్కడనే పత్రికలు చదువుచుందుము. చెక్కుబందీ మొదలు సాక్షుల వ్రేలిముద్రల వరకు చదివి వినిపింతుము. తరగు పుచ్చుకొనము.